బండి నెత్తిన చల్లదనం

గోదావరి మీద మహారాష్ట్ర కట్టిన బాబ్లీ బ్యారేజీ పేరు వినని మనిషి నిజామాబాద్ జిల్లాలో దొరకడు. చూసినవాళ్లు మాత్రం బహు తక్కువ. 2010 జులైలో, అప్పట్లో ప్రతిపక్ష నాయకుడైన చంద్రబాబు నాయుడు తన పార్టీ ఎమ్మెల్యేలను వెంటబెట్టుకుని ఆ బ్యారేజీ చూడబోతే, మహారాష్ట్ర పోలీసులు సరిహద్దులోనే ఆపి ధర్మాబాద్ ఐటీఐలో కూర్చోబెట్టారు. అప్పుడు వారం రోజులు మన పత్రికలకు వేరే వార్త లేదు. ఆ తరవాత సుప్రీంకోర్టు తీర్పు, కమిటీ. తగాదా సద్దుమణిగాక ఊరి పేరు కూడా లోపలి పేజీలకు పోయింది. ఇప్పుడు ఏడాదికి రెండుసార్లు, గేట్లు ఎత్తారని నాలుగు వాక్యాల వార్త వస్తుంది.

ఆ నాలుగు వాక్యాలు చదివే మనిషి మా బావ. నీటిపారుదల శాఖలో ఇంజనీరుగా చేసి దిగిపోయాడు. శ్రీరామసాగర్ కాలువల మీదే జీవితం గడిచింది. "జులై ఒకటిన గేట్లు లేపేటప్పుడు ఒక్కసారన్నా కండ్లార చూడాలెరా" అని ఎన్నేళ్లుగానో అంటున్నాడు. జూన్ ఆఖరులో వానలు సరిగా పడకపోతే ఆ ప్రాంతంలో ఉక్కపోత ఎట్లుంటుందో తెలిసిన అక్క ససేమిరా అంది. బావకు మోకాళ్ల నొప్పులు, బీపీ, గంటకోసారి పడుకోవాలనే అలవాటు. చివరికి మేనల్లుడు ఒక ఉపాయం చేశాడు. సినిమా షూటింగులు లేని రోజుల్లో కిరాయికిచ్చే క్యారవాన్ ఒకటి మాట్లాడాడు. రెండు పడకలు, చిన్న వంటగట్టు, బాత్రూము, నెత్తిన ఏసీ. "ఇంట్ల ఉన్నట్టే ఉంటది మామా" అన్నాడు నాతో. నేను బావకు తోడు.

చక్రాల మీది ఇల్లు తెలుగువాళ్లకు కొత్తేమీ కాదు. 1982లో ఎన్టీ రామారావు ఒక పాత షెవర్లే వ్యానును చైతన్యరథంగా మార్పించి, హరికృష్ణ నడుపుతుంటే రాష్ట్రమంతా తిరిగాడు. పడక అందులోనే. ఊరొస్తే పైకెక్కి దాని నెత్తి మీంచే ప్రసంగం. మా బండి నెత్తిన ప్రసంగాలకు చోటు లేదు. అక్కడ తెల్లటి ప్లాస్టిక్ మూత కింద, ముప్పై అయిదు నుంచి నలభై అయిదు కిలోల దాకా తూగే యంత్రం బోర్లించి ఉంది. ఈ యాత్రలో నేను గోదావరిని ఎంత చూశానో ఆ మూతనూ అంత చూశాను.

చూడ్డానికి కారణం డ్రైవరు. వయసు నలభై లోపే. కామారెడ్డి వైపు మనిషి. ఫిలింనగర్‌లో క్యారవాన్లు నడిపి నడిపి, వాటి మీద సగం మెకానిక్ అయ్యాడు. బండి తీసే ముందు పొద్దున్నే వెనక నిచ్చెన ఎక్కి పైకి పోయాడు. పావుగంట దిగలేదు. బావ కిందినుంచి "ఏం తమ్మీ, జెండా పాతుతున్నవా?" అని అరిచాడు. "లేదు సార్, మూత పగిలిందా చూస్తున్న. ఎండకు పెళుసైతది. హైవే మీద గాలి జొర్రితే ఎగిరిపోతది" అన్నాడు. స్క్రూలు ఒక్కొక్కటే బిగించి, చేత్తో మూతను ఊపి చూసి దిగాడు. లోపలికొచ్చి సీలింగులోంచి రెండు జాలీలు ఊడదీసి, బయట కుళాయి కింద కడిగి, దులిపి, తడి ఆరేదాకా పెట్టలేదు. తడిది పెడితే దుమ్ము అంటుకుని బురదవుతుందట. అద్దె బండిలో ఇంత శ్రద్ధ నేనెక్కడా చూడలేదు.

మేడ్చల్ దాటాక నేను ముందుసీటుకు పోయి కూర్చున్నాను. ఆయన చెప్పిన సంగతులు నాకు తెలిసిన సంగతులతో కలిపి రాస్తున్నాను.

మనం ఎక్కే ఏసీ బస్సుల నెత్తిన కూడా ఇలాంటి పెట్టెలే కనిపిస్తాయి గాని, లోపలి కథ వేరు. బస్సుల్లో చాలావాటికి కంప్రెసర్ ఇంజిన్ దగ్గరే ఉంటుంది, ఇంజిన్ బెల్టుతో తిరుగుతుంది. అక్కణ్నుంచి రబ్బరు గొట్టాలు పైకెక్కుతాయి. ఇంజిన్ ఆపితే చల్లగాలి ఆగిపోతుంది. గతుకుల్లో ఆ గొట్టాల జాయింట్లు వదులై గ్యాస్ మెల్లగా పోతూనే ఉంటుంది. అందుకే బస్సులకు గ్యాస్ పట్టడం మామూలు పని. మా బండి మీదిది విదేశాల్లో మోటర్‌హోములకు పెట్టే రకం. కంప్రెసర్, లోపలి కాయిల్, బయటి కాయిల్, ఫ్యాన్లు అన్నీ ఆ ఒక్క పెట్టెలోనే. గ్యాస్ కంపెనీలోనే నింపి, గొట్టాలు వెల్డు చేసి మూసేస్తారు. చాలావాటికి గ్యాస్ పట్టే మూతి కూడా ఉండదు. ఇంజిన్‌తో దీనికి సంబంధం లేదు. ఇంట్లో ఏసీలాగే కరెంటుతో నడుస్తుంది. కరెంటు పాయింటు దొరికితే సరే, లేకపోతే బండి కింద పెట్టెలో ఉన్న డీజిల్ జనరేటర్ వెయ్యాలి.

ఇలాంటివాటి మీద 13,500 బీటీయూ అనో 15,000 అనో రాసి ఉంటుంది. పన్నెండువేలు ఒక టన్ను. అంటే మన పడగ్గది ఏసీకి కాస్త అటూ ఇటూ. గదికి ఇటుక గోడలున్నాయి, బండికి రేకు. పైగా గదిలో ఏసీ బయటి సగం గోడకు అవతల నీడపట్టున ఉంటుంది. బండి మీదిది మిట్టమధ్యాహ్నం కాలిన రేకు మీద కూర్చుని, అదే వేడిగాలిని పీల్చి తన కాయిల్‌ను చల్లబరుచుకోవాలి. ఏసీ చల్లదనాన్ని పుట్టించదు. లోపలి వేడిని మోసుకుపోయి బయట పారబోస్తుంది. పారబోసే చోటు మూసుకుపోతే మొయ్యడమూ ఆగుతుంది. లోపల పడుకున్నవాడికి ఈ పారబోత కనపడదు. అందుకే పాడయ్యేదాకా ఎవరూ పైకి చూడరు.

"గాలి పొయ్యే తొవ్వ మూసుకుంటే చల్లదనం ఎట్లొస్తది సార్?" అన్నాడు డ్రైవరు. నేను పేరా నిండా రాసింది ఇదే.

కామారెడ్డి దగ్గర టీకి ఆగాం. హోటలు పక్కన పెద్ద చింతచెట్టు. ఎవరైనా అక్కడే ఆపుతారు. ఆయన ఆపలేదు. కొమ్మలు కిందికి వాలి ఉన్నాయి, మూతకు తగులుతాయి. చింతాకు సన్నం, జాలీలోంచి జారి ఫిన్నుల మధ్యలో పడితే ఎండి అక్కడే ఇరుక్కుంటుంది. బండిని చెట్టుకు తూర్పున కొంచెం దూరంగా, మధ్యాహ్నం నీడ మాత్రం పడేలా నిలబెట్టాడు. డ్యాష్‌బోర్డు మీద బండి ఎత్తు ఒక కాగితం మీద రాసి అంటించుకున్నాడు, ఏసీతో కలిపి. రైలుపట్టాల కింద తవ్విన అండర్‌పాసులు ఈ దారుల్లో చాలా ఉన్నాయి. అడ్డంగా ఇనుప కమ్మీ కట్టి ఎత్తు రాసి ఉంటుంది. బండి తయారైనప్పటి కాగితాల్లో ఉన్న ఎత్తు నమ్మి పోయినవాళ్లు ఏసీని అక్కడే వదిలేసి వచ్చారట. ఆయన నవ్వుతూ చెప్పాడు గాని, కమ్మీ వచ్చినప్పుడల్లా దిగి చూసి గానీ ముందుకు కదల్లేదు.

డిచ్‌పల్లి దగ్గర హైవే వదిలి నిజామాబాద్, అక్కణ్నుంచి నవీపేట. నవీపేట మేకల సంత పెద్దది. ఆ వాసన బండిలోకి ఎక్కితే ఇక దిగదు. ఎందుకంటే ఈ ఏసీ బయటి గాలిని తీసుకోదు, లోపలి గాలినే తిప్పితిప్పి చల్లబరుస్తుంది. బావ తలుపు తీసి బేరాలు చూస్తానని పట్టుబట్టాడు. చూశాడు. యంచ దాటి బాసర వంతెన ఎక్కేదాకా మేకలు మాతోనే ఉన్నట్టుంది.

వంతెన మీద బావ బండి ఆపించాడు. జూన్ చివర గోదావరి అక్కడ అందంగా ఏమీ ఉండదు. శ్రీరామసాగర్ వెనకనీళ్లు దిగిపోయి, ఒండు ఎండి నెర్రెలిచ్చి, మధ్యలో పచ్చగా మడుగులు. ఆ ప్రాజెక్టుకు 1963లో నెహ్రూ శంకుస్థాపన చేశాడు. నిండితే మట్టం 1,091 అడుగులు. మొదట్లో 112 టీఎంసీలు పడతాయని కట్టింది, పూడిక చేరి చేరి ఆ లెక్క తగ్గుతూ వచ్చింది. బావ నా భుజం పట్టుకుని ఎగువకు చూపించాడు. "నీళ్లు నిండినప్పుడు ఈ నీళ్లు బాబ్లీ గేట్లను పోయి తాకుతయి. మన ముంపులోనే వాళ్లు బ్యారేజీ కట్టిన్రు. లొల్లి అంతా అందుకే." ఇంతకన్నా సూటిగా ఆ కేసు గురించి ఎవరూ నాకు చెప్పలేదు.

రాత్రి మజిలీ బాసర. సరస్వతి గుడి దగ్గర అక్షరాభ్యాసాల సందడి సాయంత్రానికి తగ్గింది. ఒక లాడ్జీవాళ్లు ఆవరణలో బండి పెట్టుకోనిచ్చి కరెంటు పాయింటు కూడా ఇచ్చారు. డ్రైవరు వైరు గుచ్చి, మీటరు పెట్టి చూశాడు. 185 వోల్టులు. తల అడ్డంగా ఊపి వైరు పీకేశాడు. లాడ్జీ కుర్రాడికి కోపం వచ్చింది. ఫ్యాన్లు తిరుగుతున్నాయిగా, లైట్లు వెలుగుతున్నాయిగా అన్నాడు.

లైట్లు వెలుగుతాయి. కంప్రెసర్ సంగతి వేరు. 230 వోల్టుల దగ్గర ఆరేడు ఆంపియర్లతో నడిచే మోటారు, మొదలయ్యేటప్పుడు మాత్రం కాసేపు దానికి ఎన్నోరెట్లు లాగుతుంది. వోల్టేజీ తక్కువైతే కదల్లేక ఇంకా ఎక్కువ లాగుతుంది, వైండింగు వేడెక్కుతుంది. ఒక రాత్రి నడిస్తే ఏమీ కాదు. సీజనంతా అట్లా నడిపితే ఒక మధ్యాహ్నం మూగబోతుంది. సన్నటి పొడుగాటి ఎక్స్‌టెన్షన్ వైరు వేసినా ఇదే గతి, దారిలోనే వోల్టులు తగ్గిపోతాయి. ఆయన దగ్గరున్న వైరు బొటనవేలంత లావుంది. ఇంకో నియమం కూడా పెట్టుకున్నాడు. ఏసీ ఆపితే మూడు నిమిషాలు గడిచేదాకా మళ్లీ వెయ్యనివ్వడు. లోపల గ్యాస్ పీడనం రెండువైపులా సమానం కావాలి. కాకముందే వేస్తే కంప్రెసర్ ఒత్తిడికి ఎదురు తిరగలేక మూలుగుతుంది. రిమోట్ చేతికి దొరికితే నొక్కుతూ కూర్చునే బావకు ఇది పెద్ద శిక్ష.

జనరేటరే వేసుకున్నాం. ఏసీ నడుస్తుంటే గంటకు లీటరుకు అటూ ఇటూ డీజిల్. వేసే ముందు ఆయన చేసిన పని నాకు బాగా గుర్తుండిపోయింది. పొగగొట్టం ఏ వైపు ఉందో చూశాడు. అగరొత్తి వెలిగించి గాలి ఎటు వీస్తుందో చూశాడు. బండిని తిప్పి గొట్టం ఆరుబయలు వైపు ఉండేలా నిలిపాడు. బండి లోపల నేలకు దగ్గరగా ఉన్న మూత ఒకటి టేపుతో మూశాడు. కార్బన్ మోనాక్సైడ్ పసిగట్టే చిన్న యంత్రం మా పడకల మధ్య వేలాడదీశాడు. 2024 డిసెంబరులో కేరళలోని వడకరలో రోడ్డు పక్కన ఆపిన క్యారవాన్‌లో ఇద్దరు చచ్చిపోయి కనిపించారు. జనరేటర్ పొగలోని కార్బన్ మోనాక్సైడ్ లోపలికి చేరిందని దర్యాప్తులో తేలింది. దానికి రంగు లేదు, వాసన లేదు. ఏసీ కోసం తలుపులన్నీ బిగించుకుని పడుకుంటాం కాబట్టి బయటకు పోయే దారీ ఉండదు. అప్పటి నుంచి ఈ వృత్తిలో ఉన్నవాళ్లు చాలామంది ఆ యంత్రం కొనుక్కున్నారని ఆయన చెప్పాడు. కొననివాళ్లూ ఉన్నారు. క్యారవాన్ పర్యాటకానికి కేరళ, మహారాష్ట్ర రెండూ 2021లో విధానాలు ప్రకటించాయి. కిరాయి బండి ఎక్కేవాడు సోఫా రంగు చూసే ముందు ఆ యంత్రం ఉందో లేదో అడగాలని నా అభిప్రాయం.

నడిరాత్రి బావ లేచి "పైకప్పు కారుతున్నది" అన్నాడు. దిండు తడిసింది. బయట చుక్క వాన లేదు, నక్షత్రాలు కనిపిస్తున్నాయి.

డ్రైవరు టార్చి వేసి చూసి, ముందు బావ వైపు పడకను ఖాళీ చేయించి, ఏసీని ఫ్యాన్ మీదికి మార్చాడు. కాసేపటికి కారడం ఆగింది. "వాన పడ్డప్పుడు కారితే గాస్కెట్ సార్. ఏసీ నడిచినప్పుడు కారితే దాని నీళ్లే. ఇది దాని నీళ్లే." ఇంతే పరీక్ష, తప్పు ఎటువైపుందో తెలిసిపోయింది. ఉక్కగా ఉన్న గాలి చల్లటి కాయిల్‌కు తగిలితే అందులోని తేమ నీరై కారుతుంది. అలాంటి రాత్రి ఇంత ఏసీ గంటకు లీటరు దాకా తియ్యగలదు. ఆ నీళ్లు కింద రేకు తొట్టిలో పడి, దాని కన్నాల్లోంచి బండి నెత్తి మీదికి జారి, పక్కల నుంచి కిందికి పోవాలి. లోపలికి వస్తున్నాయంటే పోయే దారి మూసుకుపోయిందన్నమాట. బండి ఏటవాలుగా నిలబెట్టినా ఇట్లా జరుగుతుంది గాని, ఆయన నిలిపేటప్పుడే గ్లాసులో నీళ్లు పెట్టి మట్టం చూసుకున్నాడు.

తెల్లారి ధర్మాబాద్. బాసర నుంచి దగ్గరే, రైల్లోనైతే పక్క స్టేషనే. బోర్డుల మీద లిపి మారింది తప్ప బజార్లో మాట మారలేదు. మిర్చి దుకాణాల ముందు తుమ్ముకుంటూ నడిస్తే, బేరం తెలుగులో, లెక్క మరాఠీలో, తిట్టు ఉర్దూలో వినిపిస్తుంది. ఇదంతా 1956 దాకా ఒకటే హైదరాబాద్ రాష్ట్రం. బాసర ఉన్న ముధోల్ తాలూకా అప్పట్లో నాందేడ్ జిల్లాలోదే. భాషల వారీగా గీత గీసినప్పుడు ముధోల్ ఇటొచ్చింది, కిన్వట్ అటు పోయింది. 2019లో మహారాష్ట్ర ఎన్నికల ముందు ఈ సరిహద్దు ఊళ్లవాళ్లు కొందరు తమనూ తెలంగాణలో కలపమని అడిగారు. మిర్చి ఘాటు కూడా తలుపులోంచి లోపలికి ఎక్కింది. మేకల వాసనను అదే తరిమేసింది.

ఏసీలు బాగుచేసే దుకాణం ఒకటి కనిపిస్తే ఆగాం. మెకానిక్ కుర్రాడు మర్యాదస్తుడు. "దాదా, లోపలికి రండి, చాయ్ తాగండి" అని బావను కూర్చోబెట్టాడు. బండి దగ్గరికొచ్చి, చెయ్యి పెట్టి గాలి చూసి, "గ్యాస్ కమీ అయింది" అన్నాడు. ఏ రోగానికైనా సెలైన్ ఎక్కించే ఊరి ఆర్ఎంపీలా, ఏసీకి ఏమొచ్చినా గ్యాస్ పట్టడం మన దేశమంతటా ఉన్న వైద్యమే. హైదరాబాద్‌లో మా ఇంటికొచ్చే మనిషీ ముందు ఆ మాటే అంటాడు. డ్రైవరు వాదించలేదు. జేబులోంచి వంటింట్లో వాడే సూదిమొన థర్మామీటరు తీసి, ఏసీ గాలి పీల్చుకునే జాలీ దగ్గర పెట్టాడు. 31 డిగ్రీలు. చల్లగాలి వచ్చే మూతి దగ్గర పెట్టాడు. 20. "పదకొండు తేడా ఉంది భయ్యా. గ్యాస్ తక్కువుంటే ఇంత ఇస్తదా?" కుర్రాడు థర్మామీటరు తీసుకుని తనే మళ్లీ పెట్టి చూశాడు. చూసి నవ్వి, "అయితే పైకెక్కుదాం" అన్నాడు. ఆ నవ్వుతో నాకు అతనంటే గౌరవం కలిగింది.

ఇద్దరూ ఎక్కారు. నేనూ ఎక్కాను. రేకు అప్పటికే చెప్పుల్లోంచి కాలుస్తోంది. పనిచేసేవాళ్లు బండి చట్రం ఉన్నచోటే అడుగు వేస్తారు, మధ్యలో వేస్తే రేకు లోతుకు పోతుంది. కరెంటు పూర్తిగా తీసేశాక మూత విప్పారు. అప్పుడు కూడా కుర్రాడు లోపల చెయ్యి పెట్టబోతే డ్రైవరు ఆపాడు. కెపాసిటర్ అనే డబ్బా ఒకటి ఉంటుంది, కరెంటు తీసినా చాలాసేపు అందులో నిలవుంటుంది, మనిషిని ఎగరగొట్టేంత. దాన్ని తగిన రెసిస్టర్‌తో ఖాళీ చేసి, మీటరు సున్నా చూపించాక అప్పుడు మొదలుపెట్టారు.

లోపల ఒక సీజను చరిత్ర ఉంది. ఆర్మూరు, నిజామాబాద్ రోడ్ల పసుపు దుమ్ము, రేగడి మట్టి, పత్తి పీచు, ఎండు ఆకులు. బయటి కాయిల్ ఫిన్నులు కాగితమంత పలచటి అల్యూమినియం రేకులు. ఒకవైపు అవి మూడోవంతు మడతపడిపోయి గోడలా మూసుకున్నాయి. ఎవరో వాటర్ సర్వీసింగ్ పిచికారీతో దగ్గర్నుంచి కొట్టినట్టుంది. ఆ జోరుకు దుమ్ము పోతుంది, ఫిన్నులూ పోతాయి. లోపలి తొట్టికి ఉన్న నీటి కన్నాల్లో ఒకదాన్ని కందిరీగ మట్టితో మెత్తి గూడు కట్టుకుంది. ఎంత ముచ్చటైన గూడో! రెండోది దుమ్ము, నీరు కలిసి జిగటై మూసుకుంది. అంతేకాదు, పెట్టె అడుగు చుట్టూ ఎవరో సిలికాన్ గట్టిగా పూశారు. ఎప్పుడో వాన కారితే చేసిన మరమ్మతు. దాంతో కన్నాల్లోంచి వచ్చిన కాస్త నీళ్లు కూడా నెత్తి మీదికి జారే సందు లేక లోపలికే తిరిగాయి. వాన రాకుండా చేసిన అడ్డం ఏసీ నీళ్లను పోనివ్వలేదు.

గూడు తీసేటప్పుడు కుర్రాడు ఒక క్షణం ఆగాడు. లోపల పురుగు లేదు, పాతది. చీపురు పుల్లతో కన్నాలు విడిపించారు. సిలికాన్‌ను ప్లాస్టిక్ ముక్కతో గీకారు. ఫిన్నులను మామూలు దువ్వెనలాంటి పనిముట్టుతో ఓపిగ్గా నిలబెట్టారు, అన్నీ కాదు, చాలావరకు. కుంచెతో దులిపి, సబ్బునీళ్లు మెత్తగా పోసి, లోపలివైపు నుంచి బయటికి కడిగారు. దుమ్ము వచ్చిన దారినే వెనక్కి పోవాలి, ముందుకు నెడితే ఇంకా లోతుకు దిగుతుంది. కిందికొచ్చి సీలింగు పలక విప్పితే ఇంకో సంగతి తెలిసింది. పీల్చే గాలికీ వదిలే గాలికీ మధ్య ఉండే అడ్డుపలక టేపు ఊడి వంగింది. చల్లగాలిలో కొంత మా మీదికి రాకుండానే తిరిగి పైకి పోతోంది. అల్యూమినియం టేపు వేశారు. కుర్రాడు తీసుకున్న డబ్బు గ్యాస్ పట్టినదానికన్నా చాలా తక్కువ. చాయ్ డబ్బులు పుచ్చుకోలేదు.

అక్కణ్నుంచి బాబ్లీ కొన్ని కిలోమీటర్లే. చిన్న ఊరు. సోయా విత్తడానికి దున్ని పెట్టిన నల్లటి చేలు, వాన కోసం చూస్తున్నాయి. బ్యారేజీ కనపడగానే బావ మాట్లాడ్డం మానేశాడు.

2013 ఫిబ్రవరి 28న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు సారాంశం ఇది. బ్యారేజీలో 2.74 టీఎంసీలు నిలుపుకోవచ్చు. జులై 1 నుంచి అక్టోబరు 28 దాకా గేట్లు పైకెత్తే ఉంచాలి, వానాకాలం వరదకు అడ్డం రాకూడదు. అక్టోబరు 29 నుంచి దించుకోవచ్చు. మళ్లీ మార్చి 1న 0.6 టీఎంసీ కిందికి వదలాలి. ఇవన్నీ సరిగా జరుగుతున్నాయో లేదో చూడ్డానికి కేంద్ర జలసంఘం మనిషితో, రెండు రాష్ట్రాల మనుషులతో ముగ్గురి కమిటీ. మొత్తం 14 గేట్లు.

మేం దూరంగా గట్టు మీద నిలబడ్డాం. అధికారుల జీపులు వచ్చాయి, నాందేడ్ వైపువి, శ్రీరామసాగర్ వైపువి. కాగితాల మీద సంతకాలయ్యాయి. గేట్లు ఒక్కొక్కటీ మెల్లగా లేచాయి. నేను పెద్ద హోరు ఊహించుకున్నాను. వేసవి వాడకంతో మిగిలినవి తక్కువ నీళ్లు. మురికి పచ్చటి పాయలుగా రాళ్ల మీదికి జారి కిందికి పోయాయి. ఇటువైపు నిలబడ్డ ఇద్దరు రైతులు, కొంచెం అయిష్టంగానే చూశారు. "మా ఎత్తిపోతలకు ఇంకో పది దినాలు ఆపితే ఏం పోయింది" అన్నాడు ఒకాయన, తెలుగులోనే. బావ ఏదో అనబోయి ఊరుకున్నాడు. ఉద్యోగంలో ఉండగా అవతలి గట్టువాళ్లను కాగితాల మీదే చూశాడు మరి.

గేట్లు సగం లేచేసరికి బావకు ఇంజనీరు బుద్ధి తిరిగొచ్చింది. అంచుల రబ్బరు సీళ్లు ఎట్లా ఉన్నాయో చూడాలని కళ్లజోడు సర్దుకున్నాడు. దించి ఉన్నప్పుడు సీలు ఎండి పగిలితే రోజూ ఎంత నీరు కారిపోతుందో, దాన్ని ఎవరూ ఏ లెక్కలోనూ రాయరని, శ్రీరామసాగర్ కాలువ తూముల దగ్గర తాను సీళ్ల కోసం ఎన్ని ఉత్తరాలు రాశాడో చెప్పుకొచ్చాడు. డ్రైవరు శ్రద్ధగా విన్నాడు. విని, "మన ఏసీ గాస్కెట్ కూడ మార్చాల్నే సార్, సిలికాన్ తీసేసినం కద, వాన పడితే ఇప్పుడు నిజంగనే కారుతది" అన్నాడు. ఆకాశం పడమట నల్లగా ఉంది.

పెట్టె కింద బండి కప్పుకు పద్నాలుగు అంగుళాల చదరపు కన్నం ఉంటుంది. దాని చుట్టూ అంగుళం మందం ఫోము గాస్కెట్. లోపలినుంచి నాలుగు పొడుగాటి బోల్టులు దాన్ని అర అంగుళానికి అణిచి పట్టుకోవాలి. తక్కువ బిగిస్తే వాన, ఎక్కువ బిగిస్తే ఫోము చచ్చిపోయి మళ్లీ వానే. రోడ్డు అదురుకు బోల్టులు వదులవుతాయి, ఏడాదికి ఒకటి రెండుసార్లయినా చూడాలి. ఆ గాస్కెట్ ధర్మాబాద్‌లో దొరకదు. నాందేడ్‌లో బస్సు బాడీలు కట్టే షెడ్లలో దొరకొచ్చని డ్రైవరు ఫోన్లు మొదలుపెట్టాడు.

ఈలోగా ఇందాకటి రైతు, ఇంటిల్లిపాదినీ తీసుకొచ్చి బండి చూపించమన్నాడు. ఎక్కించాం. పిల్లలు పడకల మీద దొర్లారు. వాళ్ల అమ్మ వంటగట్టు తలుపులు తీసి చూసి, గ్యాసు పొయ్యి ఇంత చిన్నదా అంది. రైతు మాత్రం కింద జనరేటర్ పెట్టె దగ్గరే నిలబడ్డాడు. గంటకు ఎంత తాగుతుందని అడిగాడు. చెప్పాను. తన మోటారు ఎంత తాగుతుందో చెప్పాడు. ఇద్దరం లెక్క వేసుకున్నాం. ఏసీలో ఒక రాత్రి మా నిద్రకు కాలిన డీజిల్‌తో ఆయన చేనుకు ఎంతసేపు నీళ్లు పారతాయో తేలింది. ఆయన ఆ లెక్కను మా మీద నెపంగా పెట్టలేదు, నేనూ సమర్థించుకోలేదు. బావ మోకాళ్ల సంగతి చెబితే, వాళ్ల నాన్నకూ అంతేనని, నాందేడ్‌లో ఏ డాక్టరు మంచివాడో చెప్పాడు.

నాందేడ్ చేరేసరికి చినుకులు మొదలయ్యాయి. గురుగోవింద్ సింగ్ 1708లో కన్నుమూసిన చోట కట్టిన హజూర్ సాహిబ్ గురుద్వారాకు బావ వెళ్లి లంగర్లో రొట్టె, పప్పు తిని వచ్చాడు. మేమిద్దరం షెడ్ల వెంట తిరిగాం. మూడో షెడ్డులో ఒక సర్దార్జీ మా కొలత విని, లోపలినుంచి ఫోము పట్టీ చుట్ట తెచ్చాడు. రడీమేడ్‌ది కాదు, కొసలు ఏటవాలుగా కోసి అతికించాలి. డ్రైవరు దాన్ని వేళ్లతో నొక్కి చూశాడు, వదిలాక మళ్లీ పొంగుతుందో లేదోనని. పొంగింది. షెడ్డు రేకుల కింద బండిని దూర్చి, ఇద్దరు మనుషులతో పెట్టెను రెండంగుళాలు లేపి పట్టుకుంటే, పాత గాస్కెట్ పొడిపొడిగా రాలింది. కొత్తది వేశారు. నాలుగు బోల్టులనూ ఒకేసారి పూర్తిగా బిగించకుండా, ఎదురెదురు మూలలు మార్చుకుంటూ, ఒక్కో చుట్టు తిప్పారు. చివర్లో డ్రైవరు స్కేలు పెట్టి అర అంగుళం చూసుకున్నాడు.

వాన అప్పటికి గట్టిగానే పడుతోంది. ఆయన బండిని షెడ్డులోంచి బయటికి తీసి, ఇంజిన్ ఆపి, "ఏసీ వెయ్యను సార్, ముందు వానకు ఉత్తగ కూసుందాం. తర్వాత వేసి ఇంకో గంట కూసుందాం. రెండూ విడివిడిగ చూడాలె" అని సీలింగు కింద ఒక పాత దినపత్రిక పరిచాడు. బావ రిమోట్ నాకిచ్చేశాడు.